నాలుగో మిషన్

అమ్మ జాకెట్టు చేతులు కత్తిరిస్తుంటే నాయన ఆమె మెడలోని టేపు తీసుకుని, ఆమె కూర్చున్న మూలనే కొలవడం మొదలుపెట్టాడు.

“ఈడ శానా బాగుంటాది. కొత్త మిషన్ పట్టగా ఇంగా జాన జాగా మిగులుతాది” అన్నాడు.

“మరి నా కుట్టు మిషన్ యాడ పెట్టల్ల?”

“వంటింట్లో పెట్టుకో. ఎట్లా ఆడనే ఉంటావు గదా.”

కత్తెర గుడ్డలో ముందుకు పోతూనే ఉంది. నాయన టేపు తన మెడలో వేసుకుని బయటికి పోయాడు. అది ఎవరిదో ఆయనకు గుర్తే లేదు.

ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల పక్కన మా ఊరు. మా ఇంటికి ఒక గది, ఒక వంటిల్లు. గదికి ఉత్తరం వైపు ఒకటే కిటికీ. ఎండాకాలంలో కాస్త గాలి వచ్చేది అక్కడే. ఆ కిటికీ కింద అమ్మ కాలితో తొక్కే కుట్టు మిషన్ ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో అమ్మ కూర్చుని కనబడేది ఆ ఒక్క చోటే. మిగతా అంతటా ఆమె నిలబడో, వంగో ఉంటుంది.

ఇప్పుడు అక్కడికి బిట్‌కాయిన్ మిషన్ వస్తుందట. డోన్‌లో సెల్‌ఫోన్ల అంగడిలో పనిచేసే లేవి చిన్నాయన ఈ సంగతి మోసుకొచ్చాడు. దాన్ని కరెంటుకూ నెట్‌కూ తగిలిస్తే చాలు, ఆపకుండా లెక్కలు చేసి బిట్‌కాయిన్ సంపాదిస్తుందని చెప్పాడు.

“దానికి జీతం లేదు, సెలవు లేదు వదినా. మూలన కూర్చోబెడితే చాలు, అదే దుడ్లు చేస్తాది.”

“అట్లాంటిది ఇంట్లో ఒకటి ఉండాది గదప్పా, ఇంగొకటి ఎందుకు?” అంది అమ్మ.

నాయన, చిన్నాయన పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను మాత్రం ఆ మాటను డైరీలో రాసుకున్నాను.

చిన్నాయన చెప్పిన మూడు మిషన్లలో ఏది మేలో పోల్చి రాసే పని నాకు అప్పగించారు. పదో తరగతి పరీక్షలు మొన్ననే రాశాను, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, ఇంగ్లీషు వీడియోలు కూడబలుక్కుని అర్థం చేసుకోగలను. పైగా మా ఇంట్లో ఏ పెద్ద వస్తువు కొనాలన్నా ఒక పద్ధతి ఉంది. దాని వివరాలన్నీ కాగితం మీద రాసి బైబిల్లో పెడతాం. సాయంత్రం ప్రార్థనలో నాయన ఆ కాగితాన్ని ప్రభువు ముందు పైకి చదువుతాడు. ఆటో కొన్నప్పుడు టైర్ల సైజు కూడా చదివాడు. మొదలుపెడితే ఆమెన్ దాకా ఆపకూడదు, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఇది నాయన వాళ్లమ్మ, చనిపోయిన మా జేజి పెట్టిన నియమం. అమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు “ప్రార్థనలో ఆడోళ్ల నోట ఆమెన్ ఒక్కటే రావల్ల” అని కూడా అన్నదట. అమ్మ ఇప్పటికీ అంతే అంటుంది.

మూడు రోజులు చిన్నాయన ఫోన్‌లో వీడియోలు చూశాను. ప్రతి వీడియోలోనూ మిషన్ గురించి ఎంత శ్రద్ధగా మాట్లాడారో! దానికి చల్లటి గాలి తగలాలి, ఎప్పుడూ ఫ్యాన్ తిరగాలి, రోజూ దుమ్ము తుడవాలి, తట్టుకోలేనంత పని చేయించకూడదు. వంటింట్లో మాత్రం అస్సలు పెట్టకూడదు, పొగకూ వేడికీ పాడైపోతుంది. ఆ మాట విన్నప్పుడు వీడియో ఆపి అమ్మ వైపు చూశాను. పొయ్యి ముందు వంగి రొట్టెలు కాలుస్తోంది. జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. అప్పుడే చిన్నాయన నాయనతో అంటున్నాడు, “కిటికీకి గోనెపట్టా కట్టి వదిన గంటకోసారి నీళ్లు చల్లితే మిషన్ చల్లగా ఉంటాదన్నా.” ఆ నీళ్లు అమ్మ వీధి కుళాయి నుంచి బిందెతో మోసుకు రావాలి. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. నాకు చెప్పాలనిపించింది కానీ నోరు పెగల్లేదు. చర్చిలో వాక్యం చదవమంటేనే నా గొంతు ఎండిపోతుంది. చెప్పలేను కానీ రాయగలను. రాసినదాన్ని ఆమెన్ దాకా ఆపకుండా చదివే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. కాగితం కింద కొంచెం చోటు మిగిలింది. మూడు మిషన్ల కింద ఇంకొకటి చేర్చి, బైబిల్లో పెట్టేశాను.

సాయంత్రం నలుగురం చాప మీద మోకరించాం. నాయన మెడలో టేపు అలాగే ఉంది. కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు.

“ప్రభువా, మొదటి మిషన్. కరెంటు మూడు వేల ఐదు వందల వాట్లు. చప్పుడు, ఆపని మిక్సీ అంత. వేడి, పొయ్యి అంత. ఫ్యాన్ కావాలి. వంటింట్లో పెట్టకూడదు. చూసుకునేది జీవమ్మ.”

అమ్మ పేరు దగ్గర నాయన గొంతు కొంచెం తడబడింది. అయినా చదివాడు.

“రెండో మిషన్, పాతది. పదమూడు వందల వాట్లు. ఫ్యాన్ కావాలి. వంటింట్లో పెట్టకూడదు. చూసుకునేది జీవమ్మ. మూడోది, అరచేతిలో పట్టేది. ఇరవై వాట్లు. చప్పుడు లేదు. రాబడి, లాటరీ లాగా తగిలితే తగిలినట్టు. వంటింట్లో పెట్టకూడదు. చూసుకునేది జీవమ్మ.”

చిన్నాయన ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

“నాలుగో మిషన్...” నాయన ఆగబోయాడు. కానీ జేజి నియమం. “కుట్టు మిషన్. కరెంటు లేదు, కాళ్లతో నడుస్తుంది. వేడి, తొక్కే మనిషికి. ఫ్యాన్ లేదు. చూసుకునేది జీవమ్మ. పెట్టబోయే చోటు... వంటిల్లు.”

బయట మేకలు ఇంటికి వస్తున్న చప్పుడు వినిపించింది.

“ఆమెన్” అంది అమ్మ. ఎప్పుడూ నాయన తర్వాత అనేది, ఈసారి ముందే అంది.

“ఆమెన్” అన్నాను నేను. నా గొంతు నాకే వినబడింది.

నాయన కాగితాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు. “నీ చేతిరాత శానా స్పష్టంగా ఉండాదిలే పాపా” అన్నాడు, ఎటో చూస్తూ.

“మరి మిషన్ సంగతేందన్నా?” అన్నాడు చిన్నాయన.

“జాగా యాడుండాదిరా ఇంట్లో?” అని, నాయన అమ్మ వైపు తిరిగాడు. “శనివారం కర్నూలు పోతాండా. ఆ మూలకు ఒక ఫ్యాన్ తెస్తాలే.”

“ఫ్యాన్ శనివారం తేప్పా” అంటూ అమ్మ చేయి చాపింది. “నా టేపు ఇప్పుడే ఇయ్యి.”

నాయన మెడలోంచి తీసి ఇచ్చాడు. అమ్మ దాన్ని మెడలో వేసుకోలేదు. కిటికీకీ కుట్టు మిషన్‌కూ మధ్య ఎంత దూరం ఉందో కొలిచింది.

“ఇంగా జాన ముందుకు జరపొచ్చు. ఆ పక్క పట్టు స్తుతీ” అంది నాతో.

ఇద్దరం కలిసి మిషన్‌ను కిటికీ దగ్గరికి జరిపాం.