ఆదివారం చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం ముత్తమ్మ నోరు మూసుకొని కూర్చుని ఉంటే, ఈ మంగళవారం మండలాఫీసు వరండాలో ఇట్లా ప్రాణం అరచేతిలో పెట్టుకొని కూర్చునే ఖర్మ పట్టేది కాదు. బుద్ధెరిగిన నాటి నుంచి నలుగురి ముందు నిలబడి మాట్లాడిన మనిషే కాదామె. మాట్లాడక మాట్లాడక ఒక్కసారి మాట్లాడింది, అదే కొంప ముంచింది.

ముత్తమ్మది కోరుట్ల దగ్గర పల్లె. పొద్దంతా బీడీలు చుడుతుంది. పెనిమిటి సామేలు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తూ వారానికోసారి ఇంటికి వస్తాడు. ఒక్కగానొక్క బిడ్డ స్రవంతి పదో తరగతి పాసై, జగిత్యాల అవతలి ప్రత్యేక గురుకుల కాలేజీకి ప్రవేశ పరీక్ష రాసింది. ఇంటర్ చెప్పి ఊరుకునే కాలేజీ కాదది. డాక్టరు సీటు పరీక్షకు కూడా అక్కడే తయారు చేస్తారు. తిండీ, బట్టా, పుస్తకాలూ అన్నీ సర్కారువే. ఎస్సీ ఆడపిల్లలకు అందులో ఉన్నవి పన్నెండు సీట్లు. స్రవంతి పేరు పన్నెండోది. పదమూడో పేరు పక్క వాడలో ఉండే పెంటయ్య కూతురు సరితది.

ముత్తమ్మ వాళ్ళు పోయే చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మంచి జరిగితే ఆదివారం నాడు అందరి ముందూ లేచి చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. చెప్పకుండా మింగేస్తే ఆ మంచి నిలవదని ముత్తమ్మ భయం. అందుకే లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది, బిడ్డను పక్కన నిలబెట్టుకుంది.

"నేను బీడీల చాట ముంగటనే బతికిన. నా బిడ్డ చేతికి గా చాట రావద్దని రోజు మొక్కిన. ఇయ్యాల నా బిడ్డ డాక్టరు సదువుకు పోతంది. నా అసొంటిదాని మొర గూడ ఇన్నడు దేవుడు," అన్నది.

ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరమ్మ ప్రతి వారం లాగే ఫోను స్టాండుకు బిగించి అదంతా యూట్యూబులో పెట్టింది. స్రవంతి ఆ ముక్కను ఇంట్లో ఫోనులో దాచుకొని పదకొండు సార్లు చూసింది. "అమ్మా, నువ్వు గింత మంచిగ మాట్లాడుతవని నాకు ఎర్కనే లేదు!" అని తల్లి మెడ పట్టుకొని ఊగింది. ముత్తమ్మ సిగ్గుపడింది గానీ, నిజం చెప్పాలంటే, ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద లేవు.

ఆ వీడియోను పెంటయ్య కూడా చూశాడు.

పెంటయ్యను తిట్టిపోయడం తేలికే. కానీ రైస్‌మిల్లులో బస్తాలు మోసి మోసి నడుము వంగిన మనిషి, అతని బిడ్డా చదువుకునే పిల్లే. సీటుకు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. అతను ఒక దరఖాస్తు రాయించి, ఆ వీడియోతో పాటు మండలాఫీసులో ఇచ్చాడు: వీళ్ళు చర్చికి పోతారు, వీళ్ళ ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. సర్కారు రూలు కూడా అదే. చర్చిలో చేరిన ఎస్సీలు బీసీ-సీ అవుతారట. ఊళ్ళో అదే వాడ, అదే పిలుపు, చాయ్ హోటల్లో అదే పక్కచూపు. ఏ దేవుడికి మొక్కినా అవేవీ మారవు. మారేది కాగితం ఒక్కటే, అదీ సరిగ్గా పిల్లకు సీటొచ్చిన రోజున! బీసీ-సీ కింద ఆ కాలేజీలో ఉన్న ఒక్క సీటు ఎప్పుడో నిండిపోయింది. రేపు సాయంత్రం ఐదింటికల్లా ఈ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ సరైనదేనని కాగితం పోవాలి. పోకపోతే సీటు పదమూడో పేరుకు దిగుతుంది.

పొద్దున సామేలు ఫోనులో ఒక్కటే మాటన్నాడు. "కాదని చెప్పుండ్రి. దేవునికి ఎర్కేనాయె."

ముత్తమ్మ పక్కింటి లతను అడిగి బొట్టు బిళ్ళలు తెచ్చుకుంది. పదిహేనేళ్ళుగా బొట్టు లేని నుదురు. అద్దం ముందు తనకొకటి, బిడ్డకొకటి అంటించింది. ముత్తమ్మకు అది నుదుటి మీద పాకుతున్నట్టే ఉంది.

లోపలికి పిలిచారు. ఇట్లాంటి దరఖాస్తుల మీద విచారణ చేసే రెవెన్యూ ఉద్యోగి, గిర్దావర్ జలపతి పెద్ద వయసు మనిషి. రేపో మాపో రిటైరయ్యేవాడు, ఎవరి ఉసురూ పోసుకోవాలని లేనివాడు. ఇద్దరి నుదుళ్ళ వంక చూశాడు. ఏం అర్థమైందో, చూపు బల్ల మీదికి దించుకున్నాడు.

"ఏమమ్మా, మీరు చర్చికి పోతరా?"

"పోము సారు."

జలపతి ఫోను తీసి వీడియో పెట్టాడు. కిటికీ వెలుగు వెనక నుంచి పడి ముఖాలు మసకగా ఉన్నాయి. నెత్తి మీద కొంగుతో ఒక ఆడమనిషి, పక్కన ఒక పిల్ల. నా బిడ్డ చేతికి గా చాట రావద్దని, అంటున్నది ఆ గొంతు.

"గీమె నువ్వేనా?"

"కాదు సారు. నేను గాదు."

"గొంతు నీ లెక్కనే ఉన్నది."

ఒక్క క్షణం ముత్తమ్మకు అన్నీ వదిలేసి, అవును సారూ నేనే అని అరవాలనిపించింది. అరిస్తే రేపటి నుంచి బిడ్డ ముందుకు చాట వస్తుంది. ఆమె గోడ వంక చూస్తూ ఉండిపోయింది.

జలపతి స్రవంతి వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు బిడ్డా. వీడియోల ఉన్న పిల్ల నువ్వేనా?"

"కాదు సార్."

"మరి గీ ఆడమనిషి?"

స్రవంతి ఫోను వంకే చూసింది. తల్లి వైపు తిరగలేదు. "గామె ఎవలో నాకు ఎర్క లేదు సార్. మా అమ్మ అయితే గాదు. మా అమ్మకు మంది ముంగట గిట్ల మాట్లాడరాదు."

ముత్తమ్మ కోరుకున్న మాటే అది. దారంతా బస్సులో, బిడ్డ ఎక్కడ తడబడుతుందో అని భయపడి చచ్చింది కూడా. తీరా ఆ పిల్ల తడబడకుండా చెప్పేసరికి, ఎవరో రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టినట్టయింది. నా బిడ్డ నన్ను కాదన్నది, అనుకుంది. నేనే అనిపించిన.

జలపతి ఇద్దరి మాటలూ రాసుకున్నాడు, చదివి వినిపించాడు, సంతకాలు పెట్టించాడు. ముత్తమ్మకు సంతకం నేర్పింది స్రవంతే. సర్టిఫికెట్ సరైనదేనని కాగితం కాలేజీకి పోయింది. లేచేటప్పుడు ఆయన మెల్లగా, "గా వీడియో తీపియ్యండి. ఫోన్లల్ల గూడ ఉంచుకోకుండ్రి," అన్నాడు.

వరండాలో పెంటయ్య, సరిత కూర్చుని ఉన్నారు. సరిత వీళ్ళను చూడగానే ముఖం చేతుల్లో దాచుకుంది. పెంటయ్య సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

బస్టాండు అరుగు మీద స్రవంతి యూట్యూబులో వీడియో తీసేయమని పాస్టరమ్మకు ఫోను చేసింది. ఆమె సరేనన్నదట. ఇక మిగిలింది తమ ఫోనులో ఉన్నది. స్రవంతి దాన్ని తీసేయబోతుంటే ముత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి పెట్టు బిడ్డా. సన్నగ పెట్టు."

స్రవంతి పెట్టింది. ముత్తమ్మ ఫోను చెవికి ఆనించుకొని మొదటి నుంచి చివరిదాకా విన్నది. నా అసొంటిదాని మొర గూడ ఇన్నడు దేవుడు. ఆ గొంతు ఎక్కడా వణకలేదు.

"ఎవలో గని, మంచిగనే మాట్లాడింది," అన్నది.

స్రవంతి అక్కడే, అందరూ చూస్తుండగానే, నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ముత్తమ్మ ఏడవలేదు. ఫోను బిడ్డ చేతిలో పెట్టి, "తీసెయ్యి బిడ్డా, బస్సు అస్తంది," అన్నది.