ఆడమనిషి వచ్చేదాకా

సోదా చేసే ఆడమనిషి ఎప్పటికీ రాదేమో, పీరాంబీ అత్త ఆ నాకా బల్ల మీదే ఉండిపోతుందేమో. నాకున్న భయాలన్నిటిలోకీ ఇదే పెద్దది. కృష్ణకు అవతల ఉండిపోయిన మా ఆయన గురించి కూడా ఇంత భయం లేదు. ఎందుకంటే అత్తను అక్కడ కూర్చోబెట్టింది నేను.

మా ఆయన రాజారత్నం నైజాం వైపు ఒక మిషను బడిలో పంతులు. అక్కడ గొడవలు ముదరడంతో ఈ వేసవిలో నన్నూ, ఏడు నెలల పిల్లనూ మాచర్లకు పంపించాడు. తోడు వచ్చింది పీరాంబీ అత్త. మాచర్లలో మా మామగారి పక్కింటామె, వరసకు అత్త అంటాను; నైజాం వైపు ఉన్న కూతురు సాబిరా పురిటికని వెళ్ళి తిరిగి వస్తోంది. ఆమెకు చదువు రాదు. నేను మాచర్లలో ఉన్నన్నాళ్ళూ సాబిరా ఉత్తరాలన్నీ నా చేతే చదివించుకునేది. నేను ఐదో తరగతిలో మానేసినా ఆమె లెక్కలో ప్లీడరంతటిదాన్ని.

కృష్ణ దాటి పుట్టి దిగి ఇవతలి ఒడ్డెక్కగానే నాకా, పోలీసుల తనిఖీ పాక. అందరినీ వరసగా నిలబెట్టి సోదా చేస్తున్నారు. పాక గుంజకు ఒక బోర్డు ఉంది. దాని మీద ఏముందని అత్త అడిగితే చదివి చెప్పాను. మూటలు విప్పి చూపవలెను, ఆయుధములు ఉండరాదు, స్త్రీలను స్త్రీయే సోదా చేయవలెను.

మా వంతు వచ్చింది. నా మూట చూసి పొమ్మన్నారు. అత్త బురఖా చూడగానే జమేదారు మొహం మారింది. నడుముకు ఏం కట్టావన్నాడు. వక్కల సంచీ అంది. బంట్రోతు చెయ్యి చాచాడు. ఆమె వెనక్కి తగ్గి నా భుజం పట్టుకుంది. నేను ఆ మూడో వాక్యం గట్టిగా చదివాను.

జమేదారుకు కోపం రాలేదు. నవ్వాడు.

"సదువుకున్నదానివే. సరే, రూలు ప్రకారమే పోదాం. ఆడమనిషి వచ్చిందాకా ఈమె ఆ బల్ల మీద కూర్చుంటది."

ఎప్పుడొస్తుందన్నాను. గురజాల నుంచి రావాలట, ఎప్పుడో తనకూ తెలియదట. అత్తను నేనే సోదా చేసి చూపిస్తానన్నాను. నువ్వు సర్కారు మనిషివి కాదన్నాడు. చివరికి అత్తే సిగ్గు చంపుకుని, మీరే చూసుకోండి నాయనా అంది. అదీ రూలు ఒప్పుకోదట. ఎంతసేపు కూర్చోబెట్టవచ్చో రాసి ఉందేమోనని బోర్డు మళ్ళీ మొదటినుంచీ చదివాను. లేదు.

బస్సు హారను మోగింది. రోజుకు ఒకటే బస్సు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

"పోవే దయా," అంది అత్త. "నాకేమవుద్ది, వక్కలు నముల్తా కూర్చుంటా. ముందు పిల్లను ఆసుపత్రిలో చూపించు. నువ్వు బాగానే సదివావులే."

నేను బస్సెక్కాను.

ఇవాళ్టికి ఆరు రోజులు. బస్సు డ్రైవరు ఇమాం సాహెబు మొదటి మూడు రోజులూ ఆమెను బల్ల మీదే చూశానన్నాడు. తరవాత బస్సును రేవుదాకా పోనివ్వడం లేదు. మా మామగారు చిన్నప్ప అడగడానికి బయలుదేరి, అడగబోతే తననూ కూర్చోబెడతారని సగం దారిలోంచి తిరిగొచ్చాడు. పిల్లకు జ్వరం తగ్గలేదు, వదిలి కదలలేను.

మీలో ఎవరైనా ఆ రేవు వైపు వెళితే పాక పక్కన బల్ల చూడండి. ముసలామె, నల్ల బురఖా, ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. అన్నం తిన్నదేమో అడగండి. బల్ల ఖాళీగా ఉంటే, ఎక్కడికి పంపారో కనుక్కుని మాచర్లలో పంతులుగారి దయామణికి ఒక్క ముక్క కబురు చేయండి.