పొర మీద పేరు

షిన్‌చూ నగరంలోని ఆ ప్రయోగశాలలో యంత్రానికి నైవేద్యం పెట్టడం చింగ్‌రూ పని. కరకరలాడే మొక్కజొన్న చిరుతిండి పొట్లం నెత్తిన పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుందని ఇంజినీర్లంతా నమ్ముతారు. పొట్లం ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు. ఇంట్లో అత్తగారి దేవుళ్ళకి పళ్ళు, ఇక్కడ దీనికి కరకరలు, తనకి రెండుచోట్లా కసుర్లే ప్రసాదం!

సిరంజిలో పోసిన ద్రావణానికి గట్టి కరెంటు పెడితే, సూది కొసనుంచి సాలీడు సిగ్గుపడేంత సన్నని పోగులు దూకి పలక మీద పొరగా పరుచుకుంటాయి. కంప్యూటర్ జ్ఞాపకంలా, కరెంటు పోయినా ఆ పొర తనకు చెప్పింది మరిచిపోదు. అది కుదరడానికి చింగ్‌రూకి ఏళ్ళు పట్టింది. అదే ల్యాబులో పనిచేసే మొగుడు కాయ్‌మింగ్‌కి, పరిశోధన పత్రంలో తన పేరు ముందుకు జరుపుకోవడానికి ఒక్క పూట చాలింది. "మనమిద్దరం వేరా? నా పేరు ముందుంటే నీ పేరు ముందున్నట్టే," అన్నాడు పొద్దున సోయాపాలు జుర్రుతూ. వేరు కాకపోతే ఆమె పేరే ముందుంచొచ్చుగా? "మగాడి పేరు ముందుంటేనే ఇంటికి అందం," అంది అత్తగారు, ఎంగిలి గిన్నెలు కోడలి ముందుకు నెట్టి. పోగులు తీసేది పెళ్ళాం, పోగుచేసుకునేది మొగుడు. మరుపులేని వస్తువు తయారైంది సరే, తయారుచేసిన మనిషినే అందరూ మరిచారు!

మధ్యాహ్నం పొరను కొనాలనుకునే కంపెనీవాళ్ళొచ్చారు. "నువ్వు టీ సంగతి చూడమ్మా. మాట్లాడేది కాయ్‌మింగ్," అన్నారు ల్యాబు పెద్ద ప్రొఫెసర్ లియావ్. బయట ఒకటే ముసురు. కాయ్‌మింగ్ డాబుగా తేమ తగలని పెట్టె తలుపు బార్లా తెరిచి, పొరను తీసి అందరి ముక్కుల కిందా తిప్పాడు. చెమ్మ తగిలి అది తెల్లబడింది. కరెంటు ఇచ్చి, ఆపి, మళ్ళీ చూశారు. దానికేమీ గుర్తులేదు.

"పొట్లం మార్చావా?" కాయ్‌మింగ్ అరిచాడు. "గడువు దాటిందే పెట్టుంటావు!"

"చూసుకోవద్దటమ్మా?" అన్నారు ప్రొఫెసర్.

పొర పనిచేస్తే మొగుడిది, పొరపాటైతే పెళ్ళానిది. డాక్టరేట్లున్న మగవాళ్ళు యంత్రం చుట్టూ మూగి, పొట్లాన్ని తిప్పితిప్పి తేదీ చదివారు. గడువు ఇంకా బోలెడుంది. తెరిచిన తలుపు వైపు ఒక్కరూ చూడలేదు.

"మళ్ళీ చేయగలరా?" అనడిగాడు కంపెనీ పెద్దాయన.

"రేపటికల్లా!" అని కాయ్‌మింగ్ అలవాటుగా భార్య వైపు చూశాడు.

చింగ్‌రూ టీ పళ్ళెం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపటిదాకా ఎందుకండీ? చేసింది ఈయనే కదా, ఇప్పుడే చేస్తారు. మీరూ కూర్చోండి. ఎలా చేస్తారో నేనూ చూస్తాను."