ఒక్క పూట ధార

అన్నకు అంకెల పిచ్చి, చెల్లెలికి బావి పిచ్చి. ఇద్దరూ కలిసి గ్యాస్ కంపెనీ పెట్టారు. ఇంకేముంది, రోజూ పేచీయే.

భూమి అడుగున పలకరాతిలో ఇరుక్కున్న గ్యాసు ఊరికే పైకి రాదు. నీళ్లూ ఇసుకా కలిపి విపరీతమైన ఒత్తిడితో కొడితే రాయి పగులుతుంది. ఆ పగుళ్లు మూసుకుపోకుండా ఇసుక రేణువులే అడ్డుగా నిలబడతాయి. నెమ్మదిగా వదిలితే బావి ఏళ్ల తరబడి ఇస్తుంది. తొందరపడితే ఇసుకంతా పైకి కొట్టుకొచ్చి పగుళ్లు మూసుకుంటాయి. అందుకే పైపులైను పడేదాకా, పరీక్ష కోసం, ఇంజనీరైన చెల్లెలు వాల్వును పిసినారిలా తిప్పి కొద్దికొద్దిగా గ్యాసు వదిలి కాల్చేది. ఇదంతా అన్నకు చెప్పి చెప్పి ఆమె నోరు పడిపోయింది.

ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు మడిచి, బురదను తిట్టుకుంటూ ఊడిపడ్డాడు అన్న.

"పెట్టుబడి పెట్టేవాళ్లు మధ్యాహ్నం వస్తున్నారు. వాల్వు పూర్తిగా తిప్పేయ్ చెల్లాయ్. ఒక్క పూటే."

"తిప్పితే బావి చస్తుంది అన్నయ్యా."

"తిప్పకపోతే కంపెనీ చస్తుంది. వాళ్లు డబ్బివ్వకపోతే పైపు ఎవడేస్తాడు? నీ గ్యాసు సంచుల్లో మోసుకెళ్లి అమ్ముతావా?"

ఆమెకు ఒళ్లు మండింది. ఆ మాటలో నిజం ఉన్నందుకు ఇంకా మండింది. తను కాదంటే ఇంకెవడో వచ్చి ఒక్క గుంజు గుంజుతాడని, పళ్లు నూరుకుంటూ తనే తిప్పింది.

మంట మేడంత లేచింది. మీటరు ముల్లు చివరిదాకా వెళ్లింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకుని వెళ్లారు. సాయంత్రానికి పైపులో ఇసుక గరగరలాడింది, ముల్లు దిగజారడం మొదలెట్టింది. ఆమె వాల్వు బిగించి చూసింది. లాభం లేకపోయింది. బిడ్డలా సాకిన బావి, కళ్లెదుటే పోయింది. కోపంతోనే ఏడ్చింది.

వాళ్లను సాగనంపి వచ్చిన అన్న మొహం వెలిగిపోతోంది.

"ఒప్పుకున్నారు. పైపుకూ ఇస్తారట, ఇంకో నాలుగు బావులకూ ఇస్తారట."

"ఈ బావి పోయింది అన్నయ్యా."

"పోతే పోనీ. నాలుగు తవ్వుతున్నాంగా."

"అవీ ఇలాగే పోతే?"

"ఎనిమిది తవ్వుదాం."

వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తల ఎక్కడ బాదుకోవాలో ఆమెకు తెలియలేదు.

"అన్నట్టు, ఒక్క షరతు పెట్టారు," అన్నాడు అన్న. "కొత్త బావులన్నిటికీ ఇవాళ వాల్వు తిప్పిన ఇంజనీరే ఉండాలట. అంత ధార తెప్పించడం అందరివల్లా కాదని నిన్ను తెగ మెచ్చుకున్నారు."

చెల్లెలికి నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని కూలబడేంత నవ్వు. ఒప్పుకుందనుకుని అన్న కూడా నవ్వాడు.