వైవాలో ప్రార్థన

ఆన్‌లైన్ వైవాలో ఫేబ ఇండోనేషియాలోని సుండనీస్, దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికాన్స్ భాషలను పోల్చాలి. ఈసారీ తప్పితే డిగ్రీ రాదు.

రాయగడలో ఇంట్లో కూర్చుని ఆమె ల్యాప్‌టాప్ తెరవగానే మేనత్త వసంతకుమారి పక్కన మోకరించి, పరీక్ష కోసం ప్రార్థన మొదలుపెట్టింది.

"అత్తా, వైవా మొదలైపోనాది!"

"అందుకే కదా అమ్మీ సేస్తన్నాను."

"పెద్దలతో మాట్లాడేటప్పుడు తేడా ఏమిటి?" అని ఎగ్జామినర్ అడిగాడు.

"సుండనీస్‌లో పెద్దలు తింటే, తినడానికే వేరే మాట వాడతారు సార్. ఆఫ్రికాన్స్‌లో క్రియ మారదు. పరాయివాళ్లనైనా మామా, అత్తా అంటారు."

ఆయనకు ప్రార్థన వినిపిస్తూనే ఉంది. "మరి పెద్దలను ఆపాలంటే ఏమనాలి?"

"ఆ మాట ఏ భాషలోనూ దొరకలేదు సార్."

అత్త ఎగ్జామినర్ పిల్లల కోసం కూడా ప్రార్థించి, పాట ఎత్తుకుంది. ఆయన "పాస్" అనేసి లైన్ కట్ చేశాడు.

"సూసేవా? ప్రార్థన వల్లే పాసయ్యేవు," అంది అత్త.

ఫేబకు ఒళ్లు మండింది. అత్త మాట నిజమే.