ములక్కాడ పిప్పి

మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక, వెనక గుమ్మం దగ్గర చాప పరుచుకుని డైరీ రాయడం నాకు అలవాటు. గుడివాడలో మా తమ్ముడు పనిచేసే రైసుమిల్లు వాళ్ళు ఏటా పంచిపెట్టే డైరీ ఇది. మా ఆయన గోవర్ధనరావు గారికి ఇదొక వినోదం. “మా ఆవిడ డైరీ రాస్తుందండోయ్! ఏముంటుందనుకున్నారు? వంకాయలూ దోసకాయలూ!” అని వచ్చినవాళ్ళందరినీ నవ్విస్తారు. వంకాయలూ దోసకాయలే. కాకపోతే వాటిమీద నాకు అభిప్రాయాలున్నాయి. మనుషుల మీద ఇంకా ఎక్కువున్నాయి.

మా ఇంట్లో మొగుడు తిని లేచిన అరటాకులోనే పెళ్ళాం తినాలి. నేను కాపరానికి బందరు వచ్చిన రోజునే మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆయన ఆకు ముందు కూర్చోబెట్టి, “పుణ్యమే, తిను” అన్నారు. ఆ పుణ్యం ఎలా ఉంటుందో ఎవరూ రాయరు గనక నేను రాస్తాను. నశ్యం పట్టిన వేళ్ళతో కలిపిన మెతుకులు, కొరికి వదిలిన మిరపకాయ తొక్కలు, ఆకు అంచున మజ్జిగ మడుగు, ఒక్కోసారి అందులో ఒక మీసం వెంట్రుక. మొదట్లో చెయ్యి కూడా ఆ ఆకులోనే కడిగేసేవారు. నేను బతిమాలగా బతిమాలగా అది మానారు. ఆ ఉపకారం ఇప్పటికీ చుట్టాలకి చెప్పుకుంటారు.

అన్నిటికంటే రోత ములక్కాడ పిప్పి. ఆయన ఒక్కో ముక్కనీ చీల్చి, చప్పరించి, నమిలి నమిలి, పీచు ముద్దల్ని ఆకు చుట్టూ పేరుస్తారు. ఆ తడి ముద్దల మధ్య చోటు చేసుకుని నేను అన్నం పెట్టుకోవాలి. ఎన్నిసార్లు దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నానో. కడుపుతో ఉందేమోనని మా అత్తగారు సంబరపడేవారు. చివరికి ములక్కాడ వాతం చేస్తుందనీ, ఆయన మోకాళ్ళకి పడదనీ ఒక అబద్ధం పుట్టించి, ఇంట్లో వండటమే మానేశాను. మోకాళ్ళ భయం కొద్దీ ఆయన నమ్మారు.

ఈమధ్యే మా అబ్బాయి జగన్మోహనరావు పెళ్ళయింది. కోడలు అరుణకుమారిది పామిడిముక్కల. ఇన్నాళ్ళూ ఇంటినిండా చుట్టాలుండి, అందరికీ బంతి భోజనాలే నడిచాయి. ఇవాళే మేం నలుగురం మిగిలాం. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, పుట్టింటి నుంచి తెచ్చిన ములక్కాడలతో ఆ పిల్ల మామగారి కోసం పులుసు పెట్టేసింది. వాసనకే ఆయన మోకాళ్ళు బాగుపడ్డాయి. “కోడలు చేసిన పులుసుకి వాతమూ లేదు, గీతమూ లేదు!” అంటూ పీట మీద కూర్చున్నారు.

తండ్రీ కొడుకులు తిని లేచారు. రెండాకుల చుట్టూ పిప్పి. మావాడూ అచ్చం తండ్రిలాగే పేర్చాడు.

“ఏమేవ్! అమ్మాయికి వాడి ఆకులో వడ్డించు. పద్ధతి నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు?” అన్నారు ఆయన, వరండాలో పడక్కుర్చీలోంచి.

అరుణకుమారి ఆకు ముందు కూర్చుంది. చెయ్యి ఒళ్ళోంచి పైకి రాలేదు. మెల్లిగా, “అత్తయ్యా, మీకు అసహ్యం వెయ్యదాండీ?” అని అడిగింది.

‘అలవాటవుతుందమ్మా’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మా అత్తగారు నాతో అన్న మాటే. ఆవిడతో వాళ్ళ అత్తగారు అని ఉంటుంది. ఎవరో నమిలి వదిలిన మాట ఇన్నాళ్ళూ నా నోట్లోనే ఉందని తెలిసేసరికి, ఆ పిప్పి కంటే అదే ఎక్కువ రోతగా అనిపించింది.

“వేస్తుంది. రోజూ వేస్తుంది” అన్నాను, వరండాలోకి వినపడేలా.

రెండాకులూ మడిచి తీసుకెళ్ళి గేదె ముందు పడేశాను. దొడ్లో రెండు లేతాకులు కోసి, కడిగి, పక్కపక్కనే వేశాను.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. “ఏమిటే ఈ అప్రాచ్యప్పని? మా అమ్మ ఏనాడన్నా ఇలా చేసిందా?”

“చెయ్యలేదు. పాపం, చెయ్యాలని ఎన్నిసార్లు అనుకుందో.”

“నాన్నగారికి కోపం వచ్చిందమ్మా” అన్నాడు మావాడు, చెయ్యి తుడుచుకుంటూ.

“రేపు మీ నాన్నగారు మిగిల్చిన ఆకులో నువ్వు కూర్చుని నాలుగు ముద్దలు తిను. తరవాత మీ ఇద్దరి మాటా వింటాను.”

వాడు తండ్రి మొహం చూశాడు. ఆయన నశ్యం డబ్బీ వెతుక్కుంటూ వరండాలోకి వెళ్ళిపోయారు.

నేనూ నా కోడలూ కూర్చుని తిన్నాం. పిప్పి ఎవరిది వాళ్ళ ఆకులోనే పెట్టుకున్నాం. రాత్రికి తాను భోజనం చెయ్యనని ఆయన ఇందాకే ప్రకటించారు. ఒక ఆకు కలిసొస్తుంది.

ఇవాళ డైరీలో ఇంకొక్క మాట రాసుకోవాలి. ములక్కాడలంటే నాకు చాలా ఇష్టం.