ఎల్బీనగర్ చౌరస్తాలో బతుకమ్మ

తెనాలి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో వేదవతికి తంగేడుపూలు పేర్చడం నేర్పింది పక్కింటి అండాలమ్మే. అప్పటినుంచి ఏటా వనస్థలిపురం కాలనీ పార్కులో బతుకమ్మ ఆడేటప్పుడు అండాలమ్మ పక్కన చోటు వేదవతిదే. సకల జనుల సమ్మె నడుస్తున్న ఈ ఏడు మాత్రం పార్కు ఊసే లేదు. బతుకమ్మలన్నీ ఎల్బీనగర్ చౌరస్తాకు, నడిరోడ్డు మీదికి బయలుదేరాయి.

"అది పండగ కాదే, ధర్నా. మనల్ని పొమ్మనేవాళ్ళ మధ్య నీకేం పని?" అన్నాడు భర్త భానుమూర్తి. బ్యాంకు ఉద్యోగి. పొద్దున పేపరు చదివి ఇల్లు అమ్మేద్దామంటాడు, భోజనాల వేళకు పైన ఇంకో గది వేద్దామంటాడు.

అండాలమ్మ గోడు వేరు. భర్త అంతయ్య ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. కొడుకు డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్నాడు.

"తెలంగాణొస్తెనే మా పోరనికి నౌకరీ, వేదమ్మా. గా కొట్లాట వేరే, నువ్వు వేరే. జాగ మారింది, గంతే. నువ్వు రాకుంటె నాకు మంచిగనిపించది," అంది.

వేదవతికి రాష్ట్రాల సంగతి ఎటూ తేలలేదు. అండాలమ్మ పక్కన తన చోటు పోతుందేమోనన్న బెంగ మాత్రం పట్టుకుంది. వెళ్ళింది.

రోడ్డు నిండా ఆడవాళ్ళే. ఆగిపోయిన లారీలు, పోలీసులు, మధ్యలో పూలు. పాట అందుకోగానే పార్కులో లాగే చప్పట్లు కలిశాయి. వేదవతికి ప్రాణం లేచొచ్చింది. అంతలో వెనకామె కాలు వేదవతి చీర అంచు మీద పడింది.

"అయ్యో, కాస్త చూసుకోండమ్మా!" అంది వేదవతి.

ఆ యాస వినగానే ఆమె చప్పట్లు ఆపేసింది. "ఏ ఊరు నీది?"

వేదవతి నోరు తెరిచేలోగా అండాలమ్మ అడ్డొచ్చింది. "మా చిన్నమ్మ బిడ్డ. నల్లగొండనే."

కాపాడటానికే అంది పాపం. అయినా వేదవతి గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ళూ ఆమె పక్కన ఆడింది తెనాలి వేదవతే కదా? ఇప్పుడు ఊరు దాచుకుని దొంగలా ఎందుకు నిలబడాలి?

"కాదమ్మా. మాది తెనాలి," అంది మెల్లగా.

ఎవరూ తిట్టలేదు, తొయ్యలేదు. "పండుగ పూట ఆడనియ్యుండ్రి," అందొకామె. "ఎందుకొచ్చినట్టో?" అంది ఇంకొకామె. అటూ ఇటూ ఉన్నవాళ్ళు మాత్రం కాస్త ఎడంగా జరిగారు. వేదవతి తనంతట తనే బయటికి వచ్చేసింది.

కొంత దూరం నడిచి వెనక్కి చూసింది. అండాలమ్మ రాలేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా చప్పట్లు ఆపలేదు. కొడుకు కోసం వచ్చిన తల్లి మధ్యలో ఎలా వస్తుంది? ఆమె తప్పేం లేదు. లేదని తెలిసినా వేదవతికి దారి పొడుగునా ఏడుపు ఆగలేదు.

గుమ్మంలోనే భానుమూర్తి ఎదురొచ్చాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎందుకంటారు?" అంది వేదవతి, కుళాయి దగ్గరికెళ్ళి గబగబా ముఖం కడుక్కుంటూ. "అండాలక్క పక్కనే ఆడాను, చివరిదాకా."